మాగాయ దగ్గర ఆగిన చెయ్యి

మాగాయ జాడీ మూత తీసినప్పుడల్లా ఇప్పటికీ నా మణికట్టు మీద ఒక పట్టు తెలుస్తుంది.

తొంభైల్లో ఒకరోజు నిడదవోలు స్టేషన్ వెయిటింగ్ రూములో కూర్చున్నాను. తల పగిలిపోతోంది. అయినా బీపీ మాత్ర వేసుకున్నాననే ధైర్యంతో పెరుగన్నంలోకి మాగాయ తీయబోయాను. పక్కనే కూర్చుని నేను మాత్ర వేసుకోవడం చూసిన పెద్దాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"ఆగండి. ముప్పై ఏళ్లు కాలేజీలో ఇదే పాఠం చెప్పానండి. ఉప్పునీరెక్కిన చేలోంచి నీళ్లు తోడినట్టు, ఒంట్లో ప్రతి కణమూ లోపలికొచ్చిన ఉప్పును బయటికి తోడుతూనే ఉండాలి. తోడలేకపోతే రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది."

"మాత్ర వేసుకున్నానుగా అండీ!" అని విసుక్కున్నాను.

"నేనూ అదే అనేవాణ్ణండి, మాగాయ కలుపుకుంటూ."

నా చెయ్యి వదిలి, తన క్యారేజీని నావైపు జరిపారు. ఆయన ఎడమ చెయ్యి ఒళ్లో కదలకుండా పడి ఉంది.

"కాస్త మూత తీసి పెడతారా అండీ?"