బీడీ కోసమే ఆగిండనుకున్నరు

ఆ పొద్దు బస్సు దిగి కంపెనీ గేటు దిక్కు నడుస్తున్న. సగం తొవ్వల ఎడమ పిక్క పట్టేసింది. ఆగిన. జెరసేపటికి నొప్పి పోయింది. మళ్ల నడిచిన, మళ్ల పట్టింది.

నాది లక్డారం. అప్పుడు పటాన్‌చెరు కాడ ఓ మందుల కంపెనీల బాయిలర్ ఆపరేటర్ని. నలుగురు చూస్తుండంగ ముసలోని లెక్క నిలవడుడు నాకు నామోషీ. అందుకే ఆగినప్పుడల్ల బీడీ ముట్టిచ్చేటోన్ని. పోంగపోంగ గేటు దాకా నాలుగు బీడీలయినయ్.

"ఏందిరా, బాయిలర్ కంటె నువ్వే ఎక్కువ పొగ ఇడుస్తున్నవ్" అని ఫిట్టర్ సత్తయ్య నవ్విండు. నేను గూడ నవ్విన.

చలికాలం వచ్చేసరికి పాదం సల్లవడ్డది. ముందుగాల తిమ్మిరి, తర్వాత అదీ లేదు. చెప్పు జారిపోయినా తెల్వకపోయేది. మా బాయిలర్ కాడ పనోళ్లకు ఒక అలవాటుంది. కాళ్లు గుంజితే చెప్పులిడిచి, గోనె చుట్టిన స్టీమ్ పైపు మీద పెడ్తం. మంచి కాపడం. ఒకనాడు గట్లనే పెట్టి గేజీ చూసుకుంట కూసున్న. గోనె చినిగిన జాగ చూసుకోలే.

"ఏందో కాలుతున్న వాసనొస్తుంది" అని నేనే అన్న. సత్తయ్య ఉరికొచ్చి నా కాలు గుంజిండు. బొటనవేలు పక్కపొంటి తోలు ఊడొచ్చింది.

"నొస్తలేదారా?" అన్నడు. వాని కండ్లల్ల నీళ్లు. నాకు నొస్తలేదు.

పుండు మానలే. నా భార్య అంజమ్మ పసుపు పెట్టి చూసింది. వేలు నల్లవడ్డంక పట్నం దవాఖానకు తోల్కపోయింది. డాక్టరమ్మ నా పాదం మీద వేళ్లు పెట్టి చానసేపు ఎతికింది. "పల్స్ దొరకట్లేదు" అన్నది. రక్తం పారుతుందా లేదా అని డాప్లర్ తీసిండ్రు, యాంజియోగ్రామ్ తీసిండ్రు.

"కాలికి రక్తం తీసుకెళ్లే ఆర్టరీలో కొవ్వు పేరుకుపోయింది. ప్లాక్ అంటాం. గుండెలోనూ ఉండొచ్చు, అదీ చూస్తాం. బీడీలు తాగుతారా?"

"ఆగినప్పుడు తాగుత మేడం."

"ఎందుకు ఆగుతారు?"

చెప్పిన. ఆమె పెన్ను కింద పెట్టింది. "అంటే, నొప్పి వచ్చిన ప్రతిసారీ ఆ జబ్బుకే మేత వేశారు."

బాయిలర్ ట్యూబులల్ల సున్నం పొర కడితే దగ్గరుండి గోకిపిచ్చేటోన్ని నేనే. నాకు జల్దీ సమజైంది.

కాలికి బైపాస్ చేసిండ్రు, రక్తం పోను కొత్త గొట్టం ఏసిండ్రు, గ్రాఫ్ట్ అంటరు. రెండు వేళ్లు తీసేసిండ్రు. వారానికే గ్రాఫ్ట్ మూసుకపోయింది. మళ్ల ఆపరేషన్. "ఇది కూడా నిలవకపోతే మోకాలి కింద కాలు తీసేయాలి, అంప్యుటేషన్" అన్నది డాక్టరమ్మ. కాయితం మీద సంతకం పెట్టిన. అంజమ్మ ఎక్కెక్కి ఏడ్చింది. నాకు ఏడుపు రాలే, భయం గూడ రాలే. ఆ కాలు ఎవరిదో అన్నట్టు చూసుకుంట పండుకున్న. గట్లెట్ల ఉన్ననో తలుసుకుంటే ఇప్పుడు భయమైతది.

రెండోది నిలవడ్డది. ఇంటికొచ్చినంక ఒకనాడు అంజమ్మ కాళ్ల మీద నీళ్లు పోస్తుంటే, "అబ్బ, కాలుతున్నయే!" అని ఒర్లిన. ఆమె చెంబు ఇడిచిపెట్టి, "మళ్లొక్కపారి అను" అన్నది.

ఇప్పుడు స్టోర్‌ల కూసుండి చేసే పని ఇచ్చిండ్రు. గోలీలు మింగుత, రోజూ నడుస్త. బీడీ ముట్టుకోలే. మీకు చెప్పేది ఒక్కటే. నడుస్తుంటే పిక్క పట్టి, ఆగంగనే తగ్గుతుంటే, దాన్ని దాచకుండ్రి, డాక్టరుకు చెప్పుండ్రి. నేను ఇప్పటికీ గేటుకు పోయే తొవ్వల ఒక్కపారి ఆగుత. ఎందుకాగినవని ఎవలన్న అడిగితే, కాలు నొస్తుందని చెప్త.