బేకరీ వదిన, నిద్రపోయిన గ్రంథి

ఆ బేకరీలో అందరికీ ఆవిడ వదినే. నిజానికి వదినా అని పిలిచే హక్కున్నవాడు ఒక్కడే, ఓవెన్ దగ్గర నిలబడే మరిది. వాడు పొద్దస్తమానం "వదినా, వదినా" అని కేకలేస్తుంటే విని విని పిండి కలిపేవాళ్లూ, పార్సిళ్లు కట్టేవాళ్లూ, చివరికి పాల వ్యాను డ్రైవరూ అదే పిలుపు అందుకున్నారు. ఆవిడకంటే బాగా పెద్దవాడైన మైదా వ్యాపారి కూడా ఫోనెత్తి "ఏం వదినా, ఎన్ని బస్తాలు పంపమంటావ్?" అంటాడు. ఆవిడ ఏనాడూ కాదనలేదు. ఏమని పిలిస్తేనేం, చెప్పినట్టు వింటే చాలు అనేది ఆవిడ పద్ధతి.

వినకపోతే ఊరుకునే మనిషి కాదు. ఈస్ట్ పాతబడిందో లేదో వాసన చూసి చెప్పేస్తుంది. ముద్దలో ఉప్పు ఒక చిటికె తగ్గితే నాలుకతో పట్టేస్తుంది. అందుకే ఆ బేకరీలో ఒక కట్టుబాటు ఉంది. పొద్దున్నే ఓవెన్లోంచి వచ్చిన మొదటి బన్ను వదిన నోట్లో పడాల్సిందే. కౌంటరు చూసుకునే భర్త దాన్ని మధ్యకు చీల్చి, కాస్త జామ్ రాసి, ప్లేట్లో పెట్టి తెచ్చిస్తాడు. ఆవిడ నమిలి తలూపాకే మిగతా ట్రేలు బయటికి కదులుతాయి. తల ఊపకపోతే ఆ పూట మరిది పని అయిపోయినట్టే.

ఇంత ధాటీగల మనిషికీ ఒక బలహీనత ఉండేది. పిండి దుమ్ము పడేది కాదు. పిండితోనే బతికే మనిషికి పిండి పడకపోవడం అన్యాయమే, కానీ ఊపిరితిత్తులకు న్యాయాన్యాయాలు తెలియవు కదా. ఆయాసం వచ్చినప్పుడల్లా వేసుకోమని ఎప్పుడో ఒక డాక్టరు స్టెరాయిడ్ మాత్రలు రాసిచ్చాడు. కొన్నాళ్లు వేసుకుని ఆపమన్నాడు. మొదటి సగం వదిన చెవికెక్కింది, రెండో సగం ఎక్కలేదు. ఆ మాత్ర పడితే ఆయాసం మాయమవుతుంది, ఒంట్లో ఉత్సాహం పుట్టుకొస్తుంది, ఇంకేం కావాలి? అలా ఏళ్ల తరబడి మింగుతూనే ఉంది.

తరవాత బేకరీ బాగుపడింది. గోడకు పెద్ద ఫ్యాన్లు బిగించారు, అందరికీ మాస్కులొచ్చాయి, వదిన ఆయాసం తగ్గింది. ఆవిడ ఒక శుభోదయాన మాత్రలు పక్కన పడేసింది. భర్త "డాక్టరుని ఒక మాట అడుగుదామా?" అని నసిగితే, "పొంగిన పిండిని ఇంకా పిసుకుతామా ఏవిటండీ?" అని ఆయన నోరు మూయించింది.

వారం తిరక్కుండానే పిండి మిక్సరు పక్కన కుప్పకూలింది. అంతకు ముందు రెండు రోజులుగా అన్నం సయించలేదు, వాంతులు, లేచి నిలబడితే కళ్లు తిరగడం. అన్నిటికీ ఎండ అని పేరు పెట్టింది. భర్త వచ్చి చెయ్యి పట్టుకుంటే మంచుముక్కలా తగిలింది. ఆసుపత్రికి చేరేదాకా ఆయన ఆ చెయ్యి వదల్లేదు.

అక్కడ గ్రంథుల డాక్టరుగారు, ఒక నడివయసు ఆవిడ, సూదిమందుతో ప్రాణం నిలబెట్టింది. మర్నాడు మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"మీ కిడ్నీల మీద చెరో చిన్న గ్రంథి ఉంటుందమ్మా. మీరు మింగిన మాత్రలాంటి స్టెరాయిడ్‌ని అవి రోజూ సొంతంగా తయారుచేస్తాయి. అది లేకపోతే బీపీ నిలవదు, ఒంట్లో శక్తి ఉండదు. ముందే చేసి దాచుకోవడం వాటికి రాదు. ఆర్డరు వచ్చినప్పుడే వండుతాయి."

"వేడివేడిగా ఇస్తాయన్నమాట," అంది వదిన, మంచం మీద ఉండి కూడా.

డాక్టరు నవ్వింది. "అంతే. ఆర్డరిచ్చేది తలలో, మెదడు అడుగున ఉండే ఇంకో గ్రంథి. అది ఒక హార్మోన్ని రక్తంలోకి వదుల్తుంది. ఆ హార్మోను కిడ్నీ మీది గ్రంథి కణం లోపలికి పోదు. తలుపు తట్టి ఊరుకుంటుంది. కబురు మాత్రం లోపలికి పోతుంది. స్టెరాయిడ్‌కి ముడిసరుకు కొలెస్ట్రాల్. అది కణంలో ఉండనే ఉంటుంది. కానీ వంట మొదలయ్యేది మైటోకాండ్రియా అనే ఇంకో చిన్న గదిలో. సరుకు తనంతట తాను అందులోకి పోలేదు. కబురు అందగానే ఒక ప్రోటీన్ తయారై, ఆ సరుకుని గది లోపలికి చేరుస్తుంది. ఆ ప్రోటీన్ ఎంతోసేపు ఉండదు. కబురు ఆగితే మోత ఆగుతుంది, మోత ఆగితే వంట ఆగుతుంది."

"స్టోర్రూములో బస్తాలున్నాయి, మిక్సరు దగ్గరికి మోసేవాడు లేడు."

"అదీ సంగతి. మీరు ఏళ్లకేళ్లు బయటినుంచి సరుకు తెచ్చి పోశారు. తల చూసుకుంది, రక్తంలో స్టెరాయిడ్ పుష్కలంగా ఉంది. ఇంక ఆర్డరెందుకని మానేసింది. ఇక్కడ గ్రంథి నిద్రపోయింది, చిక్కిపోయింది కూడా. మీరేమో ఉన్నట్టుండి బయటి సరుకు ఆపేశారు."

వదిన దుప్పటి పక్కకు నెట్టి లేచి కూర్చుంది. "లేపొచ్చా దాన్ని?" అని అడిగింది.

"లేపొచ్చు. మాత్ర మళ్లీ మొదలుపెట్టి, మెల్లమెల్లగా తగ్గించాలి. కాస్త కొరత తెలిస్తేనే తల ఆర్డరు పంపుతుంది. కొందరికి నెలలు, కొందరికి ఏళ్లు పడుతుంది. ఎప్పటికీ లేవని వాళ్లూ ఉంటారు. వాళ్లు జన్మంతా మాత్ర మీదే బతకాలి."

"నాది లేస్తుంది," అంది వదిన. ఈస్ట్ ప్యాకెట్ చూసి చెప్పినంత ధీమాగా చెప్పింది.

మాత్ర తగ్గుతూ వచ్చింది. డాక్టరు పరీక్ష పెట్టింది. పొద్దున మాత్ర వేసుకోకుండా వెళ్లాలి. ఒకసారి రక్తం తీసి, తల పంపాల్సిన ఆర్డరుని సూదితో ఇచ్చి, కాసేపాగి మళ్లీ తీస్తారు. గ్రంథి మేలుకుని ఉంటే అది చేసే సొంత స్టెరాయిడ్ పెరగాలి. పెరగలేదు. "తొందరేం లేదు," అంది డాక్టరు. మాత్ర ఇంకా తగ్గించింది.

ఆ రోజుల్లోనే బన్ను చేదెక్కడం మొదలైంది.

మొదటి రోజు వదిన మొహం చిట్లించి ఊరుకుంది. రెండో రోజు "అడుగు మాడ్చావ్ రా" అంది. మరిది బన్ను తిప్పి చూపించాడు, బంగారంలా ఉంది. "చూపిస్తావేం, నా నాలుక అబద్ధమా?" అని అగ్గి మీద గుగ్గిలమైంది. వాడు ట్రేలు గీకాడు, ఓవెన్ కడిగాడు, వేడి తగ్గించాడు. బన్నులు పాలిపోయాయి గానీ చేదు పోలేదు. విచిత్రమేమిటంటే అదే ట్రేలోంచి తిన్న ఖాతాదారులెవరూ కిక్కురుమనలేదు. "వదినా, నీ నోరే చేదేమో" అని మరిది ఒకరోజు ధైర్యం చేసి అన్నాడు. ఆ మాటకు పడిన చీవాట్లు వీధి చివరిదాకా వినబడ్డాయి. భర్త మాత్రం కౌంటరు దగ్గర కుక్కిన పేనులా కూర్చుని జామ్ సీసా మూత తుడుచుకుంటూ ఉండేవాడు.

రెండో పరీక్షలోనూ గ్రంథి ఉలకలేదు, పలకలేదు. ఈసారి డాక్టరు కాగితం పక్కన పెట్టి వదిన వైపు పరీక్షగా చూసింది.

"అమ్మా, మీ గ్రంథి ఏమీ చెయ్యట్లేదు. నేనిచ్చే మాత్ర ఇప్పుడు నామమాత్రం. ఈ రెండూ నిజమైతే మీరు కాళ్లీడ్చుకుంటూ రావాలి. మీరేమో లిఫ్టు చెడిపోయిందని మెట్లెక్కి వచ్చి, మా నర్సు బల్ల జరుపుతుంటే సాయం పట్టారు. ఈ బలం ఎక్కడిది? బయటినుంచి ఏదో అందుతోంది. ఎవరన్నా పొడులూ, నొప్పుల మందులూ ఇచ్చారా?"

"నాకు తెలియకుండా నా నోట్లోకి ఏదీ పోదు డాక్టరుగారూ. పొద్దున ఆ బన్ను తప్ప..."

అక్కడ ఆగిపోయింది. మెల్లగా తల తిప్పింది. భర్త గోడమీది కిడ్నీ బొమ్మని అదే పనిగా చూస్తున్నాడు.

"ఏవండీ. జామ్‌లో ఏం కలిపారు?"

ఆయన పాత మాత్రలు, మొదట్లో వాడినవి, పొడి చేసి కలుపుతున్నానని ఒప్పుకున్నాడు. "తగ్గిస్తున్నారు, తగ్గిస్తున్నారు... మళ్లీ ఆ మిక్సరు దగ్గర పడిపోతావేమోనని. నీ చెయ్యి ఎంత చల్లగా ఉందో నీకు తెలీదు."

ఎవరైనా కరిగిపోయే మాట అది. వదినకు ముందు గుర్తొచ్చింది మాత్రం మరిది. "పాపం, ఆ వెర్రివాణ్ణి ఇన్నాళ్లు తిట్టించారు కదండీ నా చేత!"

బస్సు దిగాక నేరుగా ఓవెన్ దగ్గరికి వెళ్లి, అందరూ వింటుండగా, "నీ బన్ను ఏనాడూ మాడలేదురా. తప్పు నాది" అంది. మరిది చేతిలోని ట్రే కింద పెట్టి, "వదినా, ఒంట్లో బానే ఉందా?" అని నిజంగానే కంగారుపడ్డాడు.

కథ మళ్లీ మొదటికొచ్చింది. జామ్ మందూ ఒక్కసారిగా ఆపకూడదంది డాక్టరు. అంతా లెక్కలోకి తెచ్చి, తిన్నగా మింగించి, మళ్లీ మెట్టు మెట్టుగా దించింది. భర్తను పిలిచి సూదిమందు పెట్టె చేతికిచ్చింది. వాంతులైనా, స్పృహ తప్పినా వెంటనే పొడిచి ఆసుపత్రికి తేవాలి. వట్టి నీరసానికి మాత్రం ముట్టుకోకూడదు, ఆ కొరతే కదా గ్రంథిని లేపేది. ఆయన పిండి ముద్దల మీద సూది గుచ్చడం సాధన చేశాడు. మరిది ఆ ముద్దల్ని విడిగా పెట్టించి మరీ పారేయించాడు.

చలికాలంలో ఒక ఉదయం వదిన పని మధ్యలో బస్తా మీద కూలబడింది. భర్త పెట్టె పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"వాంతి వస్తోందా? కళ్లు తిరుగుతున్నాయా?"

"లేదండీ. కాళ్లలో సత్తువ లేదు, అంతే."

బీపీ చూశాడు, బాగానే ఉంది. డాక్టరుకు ఫోను చేశాడు, ఆగమంది. ఆయన పెట్టె ఒళ్లో పెట్టుకుని పక్క బస్తా మీద కూర్చున్నాడు. మూత మీద చెయ్యి వేశాడు గానీ తియ్యలేదు. అలా ఎంతసేపు కూర్చున్నాడో, వదిన లేచి చేతులు కడుక్కునేదాకా కూర్చున్నాడు. ఆయన జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చేసి ఉండడు.

మూడో పరీక్ష ఫలితం డాక్టరే ఫోనులో చెప్పింది. సూది పొడవకముందే రక్తంలో సొంత స్టెరాయిడ్ ఉంది. పొడిచాక ఇంకా పెరిగింది. తల ఆర్డరు పంపుతోంది, గ్రంథి వండుతోంది. ఇంక మాత్ర అక్కర్లేదు.

"నే చెప్పలా?" అంది వదిన బేకరీ అంతా వినబడేలా. కౌంటరు వెనక భర్త ఒక్కడే నవ్వలేకపోతున్నాడు. ఆవిడ దగ్గరికెళ్లింది.

"ఏమైందండీ?"

"ఏం లేదు. ఇంకా భయంగానే ఉంది. నీకు నవ్వులాటగా ఉంటుంది."

"ఇది అప్పుడే చెప్పాల్సింది. జామ్‌కి కాదు, నాకు చెప్పాలి."

"నువ్వు ధైర్యంగా లేస్తుంది, లేస్తుంది అంటుంటే ఏమని చెప్పను?"

వదిన వెనక్కి చూసింది. ఎవరి పనిలో వాళ్లున్నారు. ఆయన చెయ్యి తీసుకుని, ఈ జన్మలో ఎవరికీ చెప్పని మాట గొంతు తగ్గించి చెప్పింది.

"నాకూ భయమేసింది. మొదటి రోజు నుంచీ."