రైసూత్ వైపు కిటికీ

చిన్నప్పుడు మేం దయ్యాల మాటెత్తితే మా నాన్నగారు చేతికి టార్చిలైటిచ్చి, వెళ్ళి చూసి రమ్మనేవారు. అలాంటి ఇంట్లో పెరిగాను. చదివింది బీఎస్సీ, చేసేది క్లినిక్‌లో ల్యాబ్ ఉద్యోగం. కంటికి కనిపించనిది ఏదైనా ఉంటే అది మైక్రోస్కోప్ కింద కనిపించి తీరాలనేది నా నమ్మకం. అందుకే ఇది ఇంతవరకు ఎక్కడా చెప్పలేదు. బాబు పడుకున్నాడు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

మేం ఉండేది ఒమన్‌లోని సలాలాలో. మా ఆయన మస్కట్‌లో హోటల్ ఉద్యోగం మానేసి క్రూజ్ షిప్‌లో వంటవాడిగా చేరారు. ఎండాకాలమంతా ఆ ఓడ ఉత్తర యూరప్ రేవుల్లో తిరుగుతుంది. కోపెన్‌హాగన్, స్టాక్‌హోం, టాలిన్, బెర్గెన్. ఆ పేర్లన్నీ అట్లాసులో వెతుక్కుని నేర్చుకున్నాను. ఓడ ఆగితే ప్రయాణికులు దిగి కోటలూ చర్చిలూ చూస్తారు. మా ఆయన ఫోన్ బూత్ వెతుక్కుంటారు. "స్టాక్‌హోం ఎలా ఉందండీ?" అని అడిగితే "బూత్ శుభ్రంగా ఉంది" అన్నారు ఒకసారి.

ఆయన ఓడెక్కిన ఏడాది బాబుకి రెండేళ్ళు దగ్గర పడుతున్నా ఒక్క మాట రాలేదు. వెనక నిలబడి స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొట్టినా చాలాసార్లు తిరిగి చూసేవాడు కాదు. వినపడటం లేదేమోనని డాక్టరు గారు మస్కట్‌లో పరీక్ష చేయించమని రాసిచ్చారు. దానికి ఇంకా నెల పైనే టైముంది. ప్రతి రేవు నుంచీ మా ఆయన మొదట అడిగేది ఒకటే. "ఏమైనా అన్నాడా?" నేను లేదనేదాన్ని.

నేను డ్యూటీకి వెళితే బాబుని పక్కింటి మున్నీ ఆపా చూసుకునేది. కడప వాళ్ళు. ఆవిడ భర్త ఊరికి పడమటనున్న రైసూత్ పోర్టులో క్రేన్ నడుపుతారు. మా ఆయన ఓడెక్కాకే వాళ్ళు పక్కింట్లోకి వచ్చారు. అంటే ఆపాని మా ఆయన చూడలేదు, గొంతు కూడా వినలేదు.

రోజూ మధ్యాహ్నం ఆపా బాబుని ఎత్తుకుని మా పడమటి కిటికీ దగ్గర నిలబడేది. రైసూత్ వైపు వాడి చెయ్యి ఊపిస్తూ "నాన్నా, ఆవ్! ఆవ్!" అని వాడి బదులు తనే ఉర్దూలో రమ్మని పిలిచేది. ఓడ ఎవరిదైనా చేరేది రైసూత్‌కేనని ఆవిడ లెక్క.

"ఆపా, ఆయన అటు లేరు. ఉత్తరాన ఎక్కడో ఉన్నారు" అన్నాను.

"యాడుంటే ఏమిమ్మా? నీళ్ళన్నీ ఒగటే గదా. నీ అట్లాసు నువ్వు చూసుకో పో, మా కిటికీ మేము చూసుకుంటాం."

ఎండాకాలంలో సలాలాకి వచ్చే సన్నటి జల్లు ఆ రోజూ పడుతోంది. మధ్యాహ్నం క్లినిక్ మూశాక ఇంటికొచ్చి వంటింట్లో చేపలు వేయిస్తున్నాను. "ఆవ్" అని వినిపించింది. ఆపా గొంతు కాదు. స్టవ్ ఆపి పరుగెత్తాను. ఆపా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. బాబు కిటికీ ఊచలు పట్టుకుని, ఒళ్ళంతా ముందుకు వంచి, మళ్ళీ గట్టిగా అన్నాడు. "ఆవ్!"

"షాబాష్ రే, నా నవాబూ!" అని ఆపా నవ్వుతూనే ఏడ్చేసింది. అంతవరకు ఆవిడ వాణ్ణి బంగారూ అనే పిలిచేది. నవాబు అనడం నేను వినడం అదే మొదటిసారి. నేను వాణ్ణి ఎత్తుకున్నాను.

కళ్ళు తుడుచుకుంటుండగానే ఫోన్ మోగింది. అది ఆయన ఫోన్ చేసే రోజు కాదు.

"అన్నాడు కదా?" అన్నారు.

ఎప్పుడూ అడిగే మాట కాదది. "మీకెవరు చెప్పారండీ?" అన్నాను.

ఓడ బెర్గెన్‌లో ఆగి ఉందట. ప్రయాణికులంతా ఊళ్ళోకి వెళ్ళారట. వంటగది వేడికి తట్టుకోలేక ఆయన డెక్ మీదికి వచ్చి నిలబడితే, వెనక నుంచి చిన్నపిల్లాడి గొంతు వినిపించిందట. తిరిగి చూస్తే ఎవరూ లేరు. మళ్ళీ వినిపించింది. తర్వాత ఎవరో ఆడమనిషి నవ్వు. చేస్తున్న పని వదిలేసి బూత్‌కి పరుగెత్తారట.

"సుజాతా, వాణ్ణి నవాబూ అన్నదెవరు?"

రిసీవర్ ఆపాకిచ్చాను. ఆవిడ నెత్తిన కొంగు కప్పుకుని, "సలాం అన్నా, మీవోడు పిలిచినాడు, ఎప్పుడొస్తావు?" అంది. ఫోన్ మళ్ళీ నా చేతికి వచ్చేసరికి ఆయన "ఈ గొంతే" అన్నారు. ఆ తర్వాత ఇద్దరం ఏం మాట్లాడుకున్నామో గుర్తులేదు.

చాలా ఆలోచించాను. కొడుకు మాట కోసం తపించే తండ్రికి అలా వినిపించి ఉండవచ్చు. మరి నవాబూ అన్న మాట? అది నేను చెప్పలేదు. ఆపా ఇంట్లో ఫోనే లేదు.

మస్కట్‌లో పరీక్ష చేసి, చెవుల లోపల నీరు చేరిందనీ, నయమవుతుందనీ చెప్పారు. అలాగే నయమైంది. ఇప్పుడు వాడికి నాలుగేళ్ళు. నోరు మూయమని నేనే బతిమాలుకుంటున్నాను.

మా ఆయన మళ్ళీ ఓడ మీదే ఉన్నారు. ఇవాళ మధ్యాహ్నం బాబు స్టూలు లాక్కుని ఎక్కి, రైసూత్ వైపు చెయ్యి ఊపుతూ నాన్నని పిలిచాడు. ఇటు కాదురా అనబోయి ఆగాను. ఆ రోజు జరిగిందేమిటో నేను ఇప్పటికీ చెప్పలేను. ఆ వేళకి ఆ కిటికీ మాత్రం తెరిచే ఉంచుతాను, జల్లు లోపలికి కొట్టినా సరే.