ముఖం మీద బాణం ఆగితే

మా అక్క ఏ వస్తువునూ ఒక్కసారిగా ముట్టుకోదు. ముందు చెయ్యి దాని మీదుగా ఊరికే అలా పోనిస్తుంది. టీ కప్పయినా అంతే, కిటికీ తెరయినా అంతే. కలలో నడిచే మనిషని ఇంట్లో అందరం ఏడిపించేవాళ్లం. చివరికి ఆ అలవాటే ఆమెకు కూడు పెడుతోంది. అక్క వెబ్ పేజీలు తయారుచేస్తుంది. మౌస్ బాణం నొక్కకుండా ఊరికే బొమ్మ మీదికి రాగానే అక్కడేదో జరగాలి. దీపం వెలగాలి, దుప్పటి మడత విప్పుకోవాలి. అందుకు జావాస్క్రిప్ట్‌లో నాలుగు ముక్కలు రాస్తుంది.

"నొక్కితే పలకడంలో గొప్పేముందే? దగ్గరికి రాగానే పలకాలి," అంటుంది. దీనికి జీతం కూడా ఇస్తారా అని నేను చాలాకాలం వెటకారం చేశాను.

మా నాన్న నలభై ఏళ్లు కళ్లజోళ్ల కొట్టులో పనిచేశారు. గోడ మీది అట్టలో ఒక్కో అక్షరం కిందా సన్నటి కర్ర పెట్టి, అద్దాలు మార్చి మార్చి, "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?" అని అడిగేవారు. పోయినేడు తలకు జబ్బు చేసి లేచాక ఆయనకు అక్షరాలన్నీ మిగిలాయి గాని, మనుషుల ముఖాలు ఒక్కొక్కటే జారిపోసాగాయి. అలాంటప్పుడు బాబాయి నుంచి కబురు వచ్చింది, ఆదివారం వస్తున్నానని. అన్నదమ్ములు కలుసుకుని పదేళ్లయింది. నాన్న సంతోషించకపోగా బెంగపెట్టుకున్నారు.

"వాడొచ్చి ఎదురుగా నిలబడితే, ఎవరు బాబూ నువ్వు అని అడిగేస్తానేమోనమ్మా. వాడు తట్టుకోలేడు."

అక్క నాలుగు రోజులు కూర్చుని ఆయన కోసం ఒక పేజీ చేసింది. ఇరవైమూడు ఫొటోలు. ముఖం మీదికి బాణం రాగానే ఆ ఫొటో మీదే చిన్న చీటీ తేలుతుంది. అందులో పేరుండదు, వరస ఉంటుంది: నీ తమ్ముడు, నీ మేనత్త, నీ చిన్న కూతురు. వరస తెలిస్తే గాని నాన్నకు మనిషి అంతుపట్టడు.

"నేనున్నాను సరే, నీ ఫొటో ఏదక్కా?"

"నువ్వంటే నెలకోసారి వచ్చే చుట్టానివి. నన్ను రోజూ చూస్తూనే ఉంటాడుగా," అంది నవ్వుతూ.

గురువారం మధ్యాహ్నం. కిటికీ తెర వెనకనుంచి వచ్చే ఎండకు గదంతా సగం నిద్రలో ఉన్నట్టుంది. నాన్న ఫొటోలోని బాబాయి ముఖం మీదికి బాణం తెచ్చారు. చీటీ వచ్చింది. మరుక్షణం పోయింది. వచ్చింది, పోయింది. రెప్పలు కొట్టుకున్నట్టు కొట్టుకుంటూనే ఉంది. నాన్న చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

"చూశావా, చదువుతుండగానే పోతోంది. నా బుర్రలో జరిగేదీ ఇదేనమ్మా. వాణ్ణి రావద్దని చెప్పెయ్," అని వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఉన్న కాస్త ధైర్యం కూడా పోగొట్టావు!" అని అరిచాను. అక్క తనే బాణం కదిపింది. చీటీ నిక్షేపంగా నిలబడింది. అక్క చెయ్యి అలాంటిది, తగిలీ తగలకుండా ఫొటో అంచునే ఆగుతుంది, చీటీ దాకా పోదు. అప్పుడు నాకు కొట్టులో నాన్న పట్టుకునే కర్ర గుర్తొచ్చింది. నాన్న బాణాన్ని చీటీలోని అక్షరాల కిందుగా జరుపుతూ చదివారు! నేనూ అలాగే జరిపాను. చీటీ కొట్టుకుంది.

అక్క నెత్తి కొట్టుకుంది. "బాణం చీటీ మీదికి ఎక్కగానే నాన్న ఫొటో వదిలి వెళ్లిపోయాడనుకుంటోందే ఈ పేజీ! చీటీ తీసేస్తోంది. తీస్తే కింద మళ్లీ ఫొటోయే, మళ్లీ పెడుతోంది. నేను రాసిన మౌస్‌ఓవర్, మౌస్‌ఔట్ అనే మాటలు తీసేసి మౌస్‌ఎంటర్, మౌస్‌లీవ్ అని రాయాలి. అప్పుడు ఫొటో, చీటీ కలిపి ఒకే ఇల్లు. హాల్లోంచి వంటింట్లోకి వెళ్తే ఇల్లు వదిలినట్టు కాదుగా."

రెండు మాటలు మార్చి, నాన్నను లేపి కూర్చోబెట్టింది.

"ఇప్పుడు బాగుందా నాన్నా, ఇందాక బాగుందా?"

ఆయన అక్షరం అక్షరం కిందా బాణం జరిపారు. చీటీ కదల్లేదు. "ఇప్పుడు," అన్నారు, నమ్మలేనట్టు.

"తప్పు నీ బుర్రది కాదు, నాది."

ఆ మాటకు ఆయన ముఖం ఎంత తేటపడిందో! మూడు రోజులు ఆ పేజీ వదల్లేదు.

ఆదివారం బాబాయి గుమ్మంలోకి వచ్చారు. నాన్న ఆయన్ని కాసేపు తేరిపార చూశారు. "ఒరేయ్ తమ్ముడూ!" అంటూ లేచి కావలించుకున్నారు. అందరం ఏడ్చాం. తర్వాత నాన్న, మంచినీళ్లు తెచ్చిన అక్కవైపు చూసి మర్యాదగా అడిగారు, "ఈ అమ్మాయి ఎవర్రా?"

అక్క గ్లాసు పక్కన పెట్టి ఆయన ముందు కూర్చుంది. నాన్న వేలు పైకి లేచింది. ఆమె గడ్డం కిందుగా, తగలకుండా, ఈ చివరనుంచి ఆ చివరకు మెల్లగా జరిగింది. అక్క కదలకుండా కూర్చుని, "నీ పెద్ద కూతుర్ని నాన్నా," అంది.

"పెద్ద కూతురు," అని నెమ్మదిగా చదువుకున్నారు. "మరి నువ్వు అందులో లేవేమ్మా?"

ఇరవైనాలుగో ఫొటో ఆ సాయంత్రం నేనే తీశాను.