కువైట్ గిన్నెలో రంగురాళ్లు

మా అక్క కువైట్‌లో ఒకరింట్లో పిల్లల్ని పెంచి, వాళ్లు తనకంటే పొడుగయ్యాక తిరిగొచ్చేసి మా ఇంట్లోనే ఉంటోంది. వచ్చేటప్పుడు ఆ ఇంటి మేడమ్ గాజుగిన్నె నిండా నున్నటి రంగురాళ్లు ఇచ్చింది. తేనెరంగు మీద తెల్లచారలున్నదొకటి, కొబ్బరిచిప్ప రంగులో మెరుపు గీత కదిలేదొకటి, వంకాయ రంగుదొకటి, ఇంకా ఏవేవో. ముందుగదిలో టీవీ పక్కన పెట్టింది. వచ్చినవాళ్లకి వాటి పుట్టుక చెప్పే ఉద్యోగం నాది. ఆ మెరుపు గీత రాయి ముసలి ఒంటె కంట్లో గడ్డకట్టిన కన్నీరని ఆలమూరు చుట్టాలకి చెప్పేను. నమ్మడమే కాదు, ఒంటెకి ఏం కష్టమొచ్చిందని కూడా అడిగేరు.

పక్కింటి పిన్నిగారు మాత్రం గిన్నెలో చెయ్యి పెట్టి కలిపి, "గాజుముక్కలమ్మా ఇవి. మా మనవడి గోళీలు ఇంతకన్నా బాగుంటాయి" అనేసేరు.

అక్క నవ్వలేదు. మేడమ్ ప్రేమగా ఇచ్చిందనుకున్నది ఉత్త గాజేనా అని దిగులు పట్టుకుంది. చూస్తూ ఊరుకోలేక, చింతపండుతో తోమితే గాజు వెలిసిపోతుంది, అసలు రాయి నిగ్గు తేలుతుంది అన్నాను. అప్పటికప్పుడు నోటికొచ్చిందే. పాపం, ఇత్తడి బిందెలు తోమినట్టు మధ్యాహ్నమంతా తోమింది. అన్నీ ఎప్పట్లాగే మెరిసేయి. గోళీలు తోమినా అంతేనన్నారు పిన్నిగారు.

ఆ వారమే మేడ మీద గది కట్టడానికి జొన్నాడ నుంచి గోదావరి ఇసక దిగింది. కూలీలు జల్లెడ పట్టి, మిగిలిన గులకరాళ్లు పెరట్లో గోడవార పోసేరు. అక్క పైన కొత్త గోడ తడుపుతుంటే కింద ఆ గుట్ట మీద నీళ్లు పడి, ఒక రాయి తేనెరంగులో వెలిగింది. తెల్లచారలతో సహా. తెచ్చి గిన్నెలోదాని పక్కన పెట్టింది. ఆరగానే మసకబారింది. తడిపితే మళ్లీ రెండూ అక్కాచెల్లెళ్లే.

అప్పుడు నిజం చెప్పేను. ఎగువన పడమటి కొండలు ఒకప్పుడు కరిగి పారిన రాయని, చల్లారేక అందులో మిగిలిన బుడగల్లోకి నీరూరి, ఆ నీళ్లలోని రాతిసారం పొర మీద పొర పేరుకుని ఈ చారలు పుట్టేయని, కొండ అరిగితే గోదావరి వీటిని దొర్లించుకొచ్చిందని. గిన్నెలోని చారల రాయి ఏ దేశం కొండదో గాని పుట్టుక ఇదే. రాళ్లతో పాటు పీపాలో గరుకుపొడి వేసి రోజుల తరబడి తిప్పితే ఆ తడిమెరుపు అలా నిలిచిపోతుంది.

"ఒంటె కన్నీరే నయం రా తమ్ముడూ. అదైనా నమ్మొచ్చు" అంది అక్క.

ఇక లాభం లేదని పిన్నిగారిని గోళీతో సహా పిలిపించేను. గాజుని గాజు గీయలేదు, రాయైతే గీస్తుందని చెప్పి, పాత కిటికీ అద్దం మీద ఆవిడ చేతే గీయించేను. గోళీ గీత పెట్టకుండా జారిపోయింది. తరవాత అక్క తేనెరంగు రాయి తీసుకుని గట్టిగా నొక్కి గీసింది. కిర్రుమని గీత పడింది. అక్కడితో ఆగక గిన్నెలో ఉన్నవన్నీ గీసి చూసింది. అన్నిటికీ గీత పడింది.

పిన్నిగారు అద్దాన్ని వేలితో తడిమి, "ఆయ్, రాళ్లేనమ్మా. మీ మేడమ్ మంచిదే" అన్నారు.

అక్క వెంటనే మేడమ్‌కి వీడియో కాల్ చేసి, చింతపండు సంగతంతా అరబ్బీలో చెప్పింది. ఇద్దరూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వుకున్నారు. నేను పెరట్లోకి వచ్చేసరికి పిన్నిగారు కుచ్చిళ్లు ఎగదోపుకుని, గులకరాళ్ల గుట్ట మీద చెంబుతో నీళ్లు పోస్తున్నారు.