రెండు పిలుపుల తర్వాత

ముందే చెబుతున్నాను, ఇది కట్టుకథ కాదు. అదియమాన్‌కోట్టై గుడిలో కర్పూరం వెలిగించి, దాన్ని అరచేత్తో ఆర్పి ఒట్టేయమన్నా వేస్తాను. నమ్మకపోతే మానేయండి, నాకేం పోయింది... మధ్యలో నవ్వకండి, అంతే.

నా పని మీలో కొందరికి తెలియదు. ఎక్కడో చలిదేశాల్లో ఉన్న కంపెనీలు రాత్రింబవళ్ళు తమ నెట్‌వర్కును కాపలా కాసే పనిని తమిళనాడు ధర్మపురిలోని మా ఆఫీసుకు అప్పగించాయి. నాకు ఎప్పుడూ నైటు షిఫ్టే. ఆఫీసుకు పోకుండా, మా ఊరు పెరియంపట్టిలో ఇంటి ముందు గదిలో రెండు స్క్రీన్లు పెట్టుకొని కూర్చుంటాను. నిమిషానికోసారి మా కంప్యూటరు అక్కడి ఒక్కో నెట్‌వర్కు పెట్టెనూ 'ఉన్నావా?' అని అడుగుతుంది. జవాబు వస్తే పచ్చ. రాకపోతే పసుపు. వరుసగా మూడుసార్లు రాకపోతేనే ఎరుపు, అప్పుడే గంట. గంట మోగితే నేను 'చూశాను' అనే బటన్ నొక్కి, గడిలో కారణం రాసి, అక్కడి మనిషికి ఫోన్ చేయాలి. పసుపుకు కదలకూడదు.

ట్రైనింగులో ఇది చెప్పినప్పుడు నవ్వొచ్చింది. ఎందుకంటే మా అవ్వ నాకు ఐదేళ్ళప్పుడే ఇదంతా నేర్పింది. "రేత్రి పూట బయట్నించి పేరెత్తి పిలిస్తే పలకొద్దు బిడ్డా. రెండు తూర్లు ఏదైనా పిలుస్తుంది. మూడో తూరి పిలిస్తేనే మనిషి" అనేది. మా ఇళ్ళల్లో అందరమూ అలాగే పెరిగాం. ఇప్పటికీ చీకటి పడ్డాక రెండు పిలుపులకు ఎవరూ పలకరు.

మా ఆయన లారీ డ్రైవరు. ఆయన ఇంటికి వచ్చేసరికి నేను నిద్రలో ఉంటాను, నేను లేచేసరికి ఆయన బండి మీద ఉంటాడు. రెండేళ్ళుగా ఇదే కాపురం. గొడవ లేదు, గొడవ పడడానికి ఇద్దరం ఒకేసారి మేలుకొని ఉండాలి కదా. నాకైతే ఆకలి ఎప్పుడు వేస్తుందో కూడా తెలియకుండా పోయింది. పండగ నాడు నవ్వాలని గుర్తు చేసుకొని నవ్వేదాన్ని.

ఆ రాత్రి ఆయన హోసూరు నుంచి సేలానికి టమోటా లోడు వేసుకొని పోయినాడు. అత్త లోపలి గదిలో పడుకుంది. ఫ్యాను తిరుగుతోంది... కిర్రు... కిర్రు... పొలాల వైపు ఎవరిదో మోటారు ఆడుతోంది. నేను ఆ గాలి చలికి దుప్పటి కప్పుకొని, రెండు చేతులూ దుప్పటి లోపల పెట్టుకొని కూర్చున్నాను. ఈ మాట గుర్తుంచుకోండి. రెండు చేతులూ లోపలే.

టైము రెండూ పద్నాలుగు. ఒక గోదాము తాలూకు పెట్టె పసుపు అయింది.

అప్పుడే...

"విమలా."

వీధి తలుపు అవతల. మా ఆయన గొంతు.

హెడ్‌సెట్ చెవులకు లేదు, మెడలోకి జారి ఉంది. ఆయన వస్తే ముందు లారీ చప్పుడు రావాలి. ఎదురింటి కుక్క మొరగాలి. అది అరుగు మీదే పడుకొని ఉంది, కిటికీలోంచి కనిపిస్తోంది. చెవి కూడా కదపలేదు. మోటారు ఆగిపోయింది... ఎప్పుడు ఆగిందో తెలియదు. ఫ్యాను మాత్రం తిరుగుతోంది, చప్పుడు లేకుండా.

రెండూ పదిహేను. మళ్ళీ పసుపు.

"విమలా..."

ఈసారి సాగదీసి. గదిలోంచి గదిలోకి పిలిచినట్టు, అలసిపోయి.

మీరైతే అరిచేవాళ్ళేమో. నాకు భయం వేయలేదు. నిజం చెబుతున్నాను, ఏమీ వేయలేదు. తలుపు గొళ్ళెం వైపు చూస్తూ, ఇంకొక్కటి... ఇంకొక్కటి వస్తే లేస్తాను అనుకున్నాను. స్క్రీన్ మీద గంట కోసం ఎలా కాచుకుంటానో అలాగే కాచుకున్నాను. ఆ గొంతు నా మొగుడిదని తెలిసీ కూర్చున్నాను.

మూడోది రాలేదు.

పెట్టె పచ్చగా మారింది. కిర్రు... కిర్రు... ఫ్యాను మళ్ళీ వినిపించింది.

ఆరింటికి పగటి షిఫ్టు అమ్మాయికి పని అప్పగిస్తూ రాత్రి జరిగినవాటి పట్టీ చదివాను. ఒక వరుస దగ్గర ఆగిపోయాను. రెండూ పదహారు, 'చూశాను', విమల. కారణం రాసే గడిలో ఒక చుక్క. తొందరలో ఉంటే మేమందరం చుక్క పెట్టి వదిలేస్తాం, నిజమే. కానీ ఎరుపు రానిదే ఆ బటన్ ఎవరమూ ముట్టం. మా టీమ్ లీడుకు ఫోన్ చేసి అడిగితే, నీ కంప్యూటరు నుంచే నొక్కారు, చేతికి అలవాటైపోయి ఉంటుంది, పోయి పడుకోమన్నాడు.

నిద్ర పట్టక మంచం మీద కూర్చొని ఉంటే, తొమ్మిదింటికి మా ఆయన వచ్చినాడు. చెప్పులు విప్పలేదు. వచ్చి నా కాళ్ళ దగ్గర నేల మీద కూలబడినాడు.

"ఏమైంది మామా?"

"తొప్పూరు ఘాటు దిగుడులో నిద్ర తూక్కం పట్టేసె విమలా. కండ్లు తెరిచే ఉండాయి, రోడ్డు మాత్రం కనబడలే." నీళ్ళు అడిగి తాగినాడు. "నీకు ఎప్పుడూ చెప్పలే. తూక్కం వచ్చినప్పుడంతా నీ పేరు పిలుస్తా, పక్క సీట్లో నువ్వు కూసున్నట్ల. రేత్రి రెండు తూర్లు పిలిస్తి. ఇంక నోరు కూడా లేవలే. అప్పుడు నువ్వు పలికితివి. 'ఆఁ' అంటివి, ఈ చెవి పక్కనే. ఉలిక్కిపడి చూస్తే ముందర ట్యాంకరు నిలబడి ఉండాది. బ్రేకు తొక్కితే ఇంత సందులో నిలిచె." జానెడు చూపించినాడు.

"టైము ఎంత?"

"రెండుంబావు ఉంటాది. పొద్దు పోయినాక నువ్వు పలకవు కదా, అవ్వ చెప్పిందని. అయినా పలికితివి కదా?"

నేను పలకలేదు. పెదవి కూడా కదపలేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన ముఖం చూశాను. పెళ్ళయిన నాడు కూడా నన్ను అంత ఆశగా చూడలేదు.

"ఆఁ, పలికినాను" అన్నాను.

అప్పటి నుంచీ ఆయన మారిపోయినాడు. నేను లేచేదాకా తినకుండా కాచుకుంటాడు. కనకాంబరాలు తెస్తాడు. పక్కింటివాళ్ళతో, "మా విమల పలకబట్టి నేను ఉండాను" అని చెప్పుకుంటాడు. అత్త దిష్టి తీస్తుంది. ఆ పూలు తల్లో పెట్టుకుంటే నాకు సిగ్గుగా ఉంటుంది. అవి పలికినదానికి రావలసినవి. నేను కాచుకొని కూర్చున్నదాన్ని.

చెయ్యి అలవాటుగా నొక్కిందా? నోరు కూడా అలాగే నాకు తెలియకుండా పలికిందా? ఇంటి నుంచి అంత దూరం తొప్పూరు ఘాటుకు నా గొంతు ఎలా పోతుంది? ఎంత ఆలోచించినా ముడి విడలేదు. ఒక్కటి మాత్రం చేశాను. ఆయన పిలిస్తే, పగలైనా రాత్రైనా, మొదటి పిలుపుకే పలుకుతున్నాను. గట్టిగా. నాకంటే ముందు ఇంకెవరూ పలకకూడదని.

పోయిన ఆదివారం మధ్యాహ్నం. నేను వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాను. ఆయన పెరట్లో స్నానం చేస్తున్నాడు.

"విమలా!"

పలకడానికి గాలి పీల్చుకున్నాను... అంతే, ఇంకా నోరు తెరవలేదు.

"ఆఁ, అదే, తీగ మీద ఉండే తువ్వాల" అన్నాడు ఆయన, మామూలుగా, నా జవాబు విన్నవాడిలా.

కత్తిపీట పక్కన పెట్టాను. తువ్వాలు తీసుకుపోయి ఇచ్చాను.