నెడ్రా హాస్లమ్ రెండో రాడ్డు

బండ్లు బాగుచేసే థేన్ ఆస్లర్ షెడ్డులో ఒక గోడ ఉంది. మా ఊరు లూమిస్‌లో ఎవరి బండికి చక్రాన్ని తిప్పే యాక్సిల్ రాడ్డు విరిగినా ఆ ముక్క ఆ గోడకే చేరుతుంది. మేకు కొట్టి వేలాడదీస్తారు. కింద సుద్దతో పేరూ, విరిగిన చోటూ రాస్తారు. మగవాళ్ళు తమ పేరు అక్కడ కనబడితే పైకి సిగ్గుపడ్డట్టు నటిస్తారు గానీ లోపల గర్వమే. ఆ గోడకెక్కిన మొదటి ఆడమనిషి నెడ్రా హాస్లమ్. ఆవిడ పేరు కింద మాత్రం థేన్ ఇంకో మాట చేర్చాడు: "పెద్ద బూట్లు". బండికి పెద్ద టైర్లు వేసుకుని భంగపడిందని.

అప్పటికి నెడ్రాకి అరవై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. అన్నదమ్ములు సాల్ట్ లేక్ నగరానికి వెళ్ళి స్థిరపడితే తండ్రి గొర్రెలు, తండ్రి టోపీ, తండ్రి మొండితనం ఈవిడకి మిగిలాయి. ఆదివారం చర్చిలో చివరి బల్ల మీద కూర్చుంటుంది. గోళ్ళ కింద గ్రీజు అలాగే ఉంటుంది. పాట మాత్రం అందరికంటే గట్టిగా, శ్రుతి లేకుండా పాడుతుంది. ఎవరితోనూ వాదించదు. అందరూ వద్దన్నాక నిదానంగా వెళ్ళి ఆ పనే చేస్తుంది.

మా అమ్మ మంచాన పడ్డప్పుడు నేను బడి సగంలో మానేశాను. ఆ చలికాలం నెడ్రా ఇనుప కుండలో మాంసం పులుసు తెచ్చి మా గుమ్మంలో పెట్టి వెళ్ళేది. ఒకరోజు నేను కుండ తిరిగి ఇవ్వడానికి వెళితే ఆవిడ తన పాత పికప్ కింద పడుకుని ఉంది. నేను పిలవలేక అక్కడే నిలబడ్డాను. చాలాసేపటికి కింద నుంచి గొంతు వినబడింది.

"పిల్లా, ఇందాకట్నుంచీ దేన్ని చూస్తున్నావు?"

వెనక చక్రం దగ్గర నూనె కారుతోందని చెప్పాను. ఆవిడ పాకుతూ బయటికొచ్చి, నేను చూపించిన చోట వేలు పెట్టి చూసుకుంది.

"నువ్వు మాట్లాడవు. కానీ చూస్తావు," అంది. "నాకు అలాంటి మనిషే కావాలి."

కావలసింది రాళ్ళ దారిలో బండికి ముందు నడిచే మనిషి. డ్రైవరుకి తన చక్రాలు కనబడవు. ముందు నడిచేవాళ్ళు వెనక్కి నడుస్తూ, ఏ చక్రం ఏ రాయి మీద పడాలో చేతులతో చూపించాలి. నోరు విప్పే పని లేదు కనక నాకు నచ్చింది.

దారి సంగతి చెప్పాలి. నెడ్రా తండ్రి కొండ గోడని పేల్చి, రాళ్ళు పరిచి, పైనున్న ఊట దాకా ఒక బండి దారి వేశాడు. ఎండాకాలమంతా గొర్రెలు ఆ పైనే మేస్తాయి. గొర్రెలు నడిచే ఎక్కుతాయి గానీ ఉప్పు, నీళ్ళ తొట్లు, కాపరి ఉండే బండి, తిండి, అన్నీ చక్రాల మీదే వెళ్ళాలి. ఒక వానాకాలం వరద వచ్చి దారికి పరిచిన మట్టినీ రాళ్ళనీ ఊడ్చుకుపోయింది. మిగిలింది బోడి రాతి మెట్లు. మొదటి రెండూ నడుము ఎత్తు కంటే తక్కువే. మూడోది, అంటే చివరిది, ఎడమకి వంపు తిరిగి, మధ్యలో ఒక నెర్రె పడి ఉంటుంది.

రోడ్ల ఆఫీసు వాళ్ళు కబురు పంపారు. బండి వెళ్ళలేని దారి దారి కాదట. ఆకురాలు కాలంలో అడ్డంగా బండలు దొర్లించి మూసేస్తారట. నెంబరు ప్లేటున్న, పని చేసుకునే బండి ఏదైనా, తాడు సాయం లేకుండా వాళ్ళ మనిషి కళ్ళ ముందు పైకెక్కితే తెరిచి ఉంచుతారట. ట్రైలర్ల మీద ఊరేగి వచ్చే ఆటబండ్లు లెక్కలోకి రావు. దారి పోతే ఊట పోయినట్టే. ఊట పోతే గొర్రెల్ని అమ్ముకోవాలి. గొర్రెలు లేని నెడ్రా ఎలా ఉంటుందో నేను ఊహించుకోలేకపోయాను. ఆవిడా ఊహించుకోలేదు.

ఊళ్ళో అందరూ ఒకే సలహా ఇచ్చారు: పెద్ద టైర్లు. మా దగ్గర ఏ కష్టానికైనా మొదటి మందు అదే. బండి కింద ఇనుము ఏ స్థితిలో ఉందో ఎవరూ అడగరు. టైరు వీధిలోకి కనబడుతుంది, ఇరుసు కనబడదు. నెడ్రా కూడా అదే పొరపాటు చేసింది. నడుము దాటే టైర్లు బిగించింది. వెనక ఇరుసులో లాకర్ పెట్టించింది. మామూలుగా ఒక చక్రం గాల్లో లేస్తే ఇంజను బలమంతా దానికే పోయి, అది ఊరికే తిరుగుతూ ఉంటుంది. నేల మీదున్న చక్రం కదలదు. లాకర్ వేస్తే రెండు చక్రాలూ ఒకటై తిరుగుతాయి. అంతవరకూ బాగానే ఉంది. కానీ అప్పుడు ఆ బలమంతా నేలని పట్టుకున్న ఒక్క చక్రం రాడ్డు మీద పడుతుంది. టైరు ఎంత పెద్దదైతే ఆ రాడ్డుకి అంత పెద్ద మెలి. ఆవిడ బండికున్నది పాత, సన్నటి రాడ్డు.

ఆ బండితో కొండెక్కుతుంటే మూడో మెట్టు మీద కుడి వెనక చక్రం నెర్రెలో ఇరుక్కుంది. నెడ్రా యాక్సిలరేటర్ నొక్కింది. తుపాకీ పేలినట్టు శబ్దమైంది. అలాంటి బండ్లలో రాడ్డు చక్రాన్ని తిప్పడమే కాదు, పట్టుకుని కూడా ఉంటుంది. అది విరిగేసరికి చక్రం ముక్కతో సహా బయటికి జారి, దొర్లుకుంటూ నా పక్కనుంచి లోయలోకి పోయింది. బండి ఇరుసు మీద కూలబడింది. థేన్ వచ్చి తాడు వేసి కిందికి దింపాడు. దింపుతున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు. ఆ సాయంత్రమే ముక్క గోడకెక్కింది.

మర్నాడు నెడ్రా షెడ్డుకి వచ్చింది. అక్కడ కూర్చున్నవాళ్ళు సోడా డబ్బాలు పట్టుకుని గోడ వైపు చూడనట్టు చూస్తున్నారు. ఆవిడ తిన్నగా గోడ దగ్గరికెళ్ళి, తన ముక్క తీసి, విరిగిన చోటు వెలుతురులో తిప్పి చూసింది. ఇనుము పిండిన గుడ్డలా మెలిపడి ఉంది.

"తీసేద్దామా నెడ్రా?" అన్నాడు థేన్. కాస్త జాలి కూడా ఉంది గొంతులో. "సరదాకి రాశాలే. ఇక ఆ కొండ వదిలెయ్. నీ వయసుకి కింద గడ్డి చాలు."

"గడ్డి తినేది నేను కాదు," అంది నెడ్రా. ముక్కని మళ్ళీ అదే మేకుకి తగిలించింది. "ఉండనీ. అబద్ధం ఏం రాయలేదుగా."

తర్వాత ఆవిడ చేసిన పని చూసి ఊరు ఇంకా నవ్వింది. మా వైపు రైతులు వాగు గట్టు కోసుకుపోకుండా పాడైన కార్లూ లారీలూ వరసగా గట్టుకి పేర్చి వదిలేస్తారు. నెడ్రా పొలం గట్టులో తండ్రి నాటి పశువుల లారీ ఒకటి సగం మట్టిలో కూరుకుపోయి ఉంది. ఆవిడా నేనూ పారలు పట్టుకుని దాని వెనక భాగం తవ్వడం మొదలుపెట్టాం. థేన్ దారిన పోతూ బండి ఆపాడు.

"గొర్రెలు అయిపోయాయి, ఇప్పుడు శవాలు తవ్వుతున్నావా?"

"మీ నాన్న కూడా ఇక్కడే ఎక్కడో ఉండాలి థేన్, అడ్డం తప్పుకో."

థేన్ వాళ్ళ నాన్న కారు నిజంగానే ఆ గట్టులో ఉంది. అతను నవ్వి వెళ్ళిపోయాడు గానీ, సాయంత్రం గొలుసు, జాకీ తెచ్చి గట్టు మీద పెట్టి, పోయాడు.

మేం తవ్వింది ఆ లారీ వెనక ఇరుసు కోసం. బరువు మోసే లారీల్లో ఏర్పాటు వేరు. చక్రం రాడ్డు మీద వేలాడదు. రాడ్డుని కప్పి ఉండే బయటి గొట్టం చివర తన సొంత బేరింగుల మీద కూర్చుంటుంది. బరువంతా గొట్టానిది. రాడ్డుకి తిప్పడం ఒక్కటే పని. ఇవన్నీ నెడ్రా నాకు మట్టిలో పుల్లతో గీసి చెప్పింది. చెబుతున్నప్పుడు ఆవిడ గొంతులో కోపం ఉండేది. ఇంత తెలిసి కూడా ముందు టైర్లే కొన్నందుకు తన మీద తనకే కోపం అనుకుంటాను.

ఎండాకాలమంతా ఆ ఇరుసుని కడిగి, బేరింగులు మార్చి, పికప్ కింద వెల్డింగు చేసింది. వెనకా ముందూ లాకర్లు పెట్టింది. ముందుదానికి స్విచ్. ఆ స్విచ్ మీద తెల్ల రంగుతో గీత గీసి నాకు చూపించింది.

"ముందు చక్రాలు వంకరగా ఉండగా ఇది వేసి యాక్సిలరేటర్ నొక్కితే వాటి కీళ్ళు విరుగుతాయి. నాకు తొందర పుడుతుంది. నీకు పుట్టదు. ఆగమని పిడికిలి ఎత్తి పట్టుకో, చక్రాలు తిన్నగా అయ్యేదాకా దించకు."

రోడ్ల ఆఫీసు నుంచి వచ్చినాయన పేరు బ్రాండ్లీ. నెమ్మదస్తుడు. తన పని ఏమిటో చెప్పి, ఎండలో ఒక రాయి మీద కూర్చున్నాడు. ఊళ్ళో సగం మంది వచ్చారు. థేన్ తన బండి ముందు తాడు హుక్కు విప్పి సిద్ధంగా పెట్టుకున్నాడు. నెడ్రా దాన్ని ఓసారి చూసింది. రాతిని బాగా పట్టుకునేలా టైర్లలో గాలి తగ్గించింది, టోపీ కిందికి లాక్కుంది, బండెక్కింది.

మొదటి రెండు మెట్లూ నత్తలా ఎక్కింది. అంత మెల్లగా వెళ్ళడం మా కుర్రాళ్ళకి చేతకాదు. మూడోదాని దగ్గర వంపు తిరగాలి. ముందు చక్రాలు ఎడమకి ఒరిగి ఉన్నాయి, ఎడమది అప్పుడే రాయి అంచు తగిలింది. బండి ఆగిపోయింది.

"నొక్కు నెడ్రా, నొక్కు. ఇప్పుడు ఆపితే జారిపోతావు," కింద నుంచి థేన్ కేక.

నేను పిడికిలి ఎత్తి పట్టుకున్నాను. నా చేతి కంటే అతని గొంతు పెద్దది. నెడ్రా ఇద్దరినీ చూసింది. తర్వాత కిటికీలోంచి తల బయట పెట్టింది.

"థేన్, నీ నోటికో లాకర్ పెట్టించుకో. పిల్ల చెబుతుంది."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఆవిడ బండిని జానెడు వెనక్కి వదిలి, స్టీరింగ్ కొద్దికొద్దిగా తిప్పుతూ చక్రాలు తిన్నగా తెచ్చుకుంది. నేను పిడికిలి దించాను. ఆవిడ స్విచ్ వేసింది. ముందు చక్రాలు రెండూ కలిసి రాయిని పట్టుకుని, బండి ముక్కు పైకి లేచింది. ముందు భాగం మెట్టు మీదికి చేరింది. ఇక వెనక చక్రాలు ఎక్కాలి. కుడిది మళ్ళీ అదే నెర్రెలో దిగింది.

అప్పుడు ఆ శబ్దం మళ్ళీ వచ్చింది.

నవ్వులు ఆగిపోయాయి. ఆ శబ్దం మా ఊళ్ళో అందరికీ తెలుసు. లారీ రాడ్డు లావైనదే, కానీ ఎన్నేళ్ళు మట్టిలో పడి ఉందో, లోపల ఎక్కడ పగులుందో ఎవరికి తెలుసు. బ్రాండ్లీ లేచి నిలబడ్డాడు. థేన్ తాడు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. తాడు బండికి తగిలితే అంతా అయిపోయినట్టే. నెడ్రా చెయ్యి బయట పెట్టి అరచేయి చూపించింది. థేన్ ఆగిపోయాడు.

నేను బండి పక్కగా వెనక్కి వెళ్ళి, వంగి కిందికి చూశాను. కుడి వెనక చక్రం ఊడలేదు. తన బేరింగుల మీద తను నిలబడి బరువు మోస్తూనే ఉంది, తిరిగే బలం మాత్రం దానికి లేదు. లాకర్ ఉంది కనక ఎడమ చక్రానికి బలం అందుతుంది. ఎడమ చక్రం మాత్రం నున్నటి రాతి మీద ఉంది. దానికి అరచేతి వెడల్పు పక్కన రాయి గరుకుగా ఉంది. నేను ఆ గరుకు రాతి మీద కాలు పెట్టి నిలబడ్డాను. ఇక్కడికి, అన్నట్టు రెండు చేతులూ చూపించాను.

నెడ్రా అద్దంలో నా కాలు చూసింది. కొద్దిగా వెనక్కి వదిలింది, కొద్దిగా పక్కకి జరిపింది. నేను కాలు తీశాను. టైరు ఆ గరుకు మీదికి వచ్చి, ముడత పడి, రాతిని కరిచింది. మిగిలిన మూడు చక్రాలూ లాగాయి. పనిచెయ్యని నాలుగోది నెర్రెలోంచి మొండిగా లేచి వెనకాలే వచ్చింది. బండి పైకెక్కి ఊట పక్కన గడ్డిలో ఆగింది.

బ్రాండ్లీ రొప్పుతూ పైకొచ్చాడు. బండి చుట్టూ తిరిగి చూశాడు.

"ఏదో విరిగింది కదండీ?"

"విరిగింది. మీ షరతులో విరక్కూడదని లేదు. తాడు ఉండకూడదని ఉంది."

"మరి కిందికెలా దిగుతారు?"

నెడ్రా పనిముట్ల పెట్టె దించింది. పెట్టెలోంచి పానా తీసి, చక్రం మధ్యనున్న బోల్టులు విప్పి, రాడ్డు బయటి సగం చేత్తో లాగేసింది. లోపలి సగాన్ని ఒక తీగ కొక్కెంతో పట్టి లాగింది. రాడ్డు లేకపోయినా చక్రం చోటు కదలలేదు. ఇసుక దూరకుండా ఆ కన్నానికి తను మధ్యాహ్నం తిన్న పీచ్ పళ్ళ డబ్బా మూత పెట్టి టేపు చుట్టింది. బ్రాండ్లీ ఇదంతా చూసి, వంగి ఊట నీళ్ళు తాగాడు. ఇక్కడ బండలు దొర్లించే పని లేదని తన వాళ్ళకి చెబుతానన్నాడు. నెడ్రా తల ఊపింది. థాంక్స్ చెప్పలేదు. తన దారి తనకి ఉంచినందుకు థాంక్స్ ఎందుకని, తర్వాత నాతో అంది.

తాడు లేకుండానే దిగాం. తిన్నగా షెడ్డుకి పోనిచ్చింది. గోడ దగ్గర తనే మేకు కొట్టి, కొత్త ముక్కని పాత ముక్క పక్కన తగిలించింది. ఎవరూ అడగకుండానే థేన్ సుద్ద తెచ్చి ఇచ్చాడు. ఆవిడ పేరు రాసింది, చోటు రాసింది, ఆ కింద "ఎక్కింది" అని రాసింది.

"పేరూ చోటూ మాత్రమే రాయాలి నెడ్రా. గోడ రూలు అది," అన్నాడు థేన్.

నెడ్రా పాత ముక్క కిందున్న "పెద్ద బూట్లు" వైపు వేలు చూపించింది. తర్వాత సుద్దని జేబులో వేసుకుని, ఉప్పు మూటలు బండిలో ఎక్కించాలి రమ్మని నన్ను పిలిచింది.